నాన్న నోట్‌బుక్ నిండా నూర్జహాన్ – ఆవిడ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

వేణు_కాజీపేట

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది ట్రంకుపెట్టె దింపితే నాన్న నోట్‌బుక్ ఒకటి దొరికింది. నాన్న కాజీపేట లోకోషెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, పోయి ఏడాది కావస్తోంది. రూళ్ళ పుస్తకం, చిరగకుండా పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి ఉంది. లోపలంతా పాత హిందీ పాటల మొదటి లైన్లే, తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు, పక్కన సినిమా పేరు, పాడినవాళ్ళు, రేడియోలో ఏ తారీఖున విన్నారో. పొద్దున ఏడున్నరకి రేడియో సిలోన్‌లో పాత సినిమా పాటలు వచ్చేవి కదా, చివర్లో పాతతరం గాయకుడు సైగల్ పాటతో ముగిసేది, ఎక్కువగా అవే.

నాన్నకి హిందీ చదవడం రాదు. ఉర్దూ అసలే రాదు. చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నారు.

లెక్కపెట్టి చూశాను, సైగల్ తర్వాత అందులో ఎక్కువసార్లు ఉన్న పేరు నూర్జహాన్. "ఆవాజ్ దే కహా హై" అయితే పదకొండు తారీఖుల్లో ఉంది, అంటే విన్న ప్రతిసారీ మళ్ళీ రాసుకున్నారన్నమాట. ఒకచోట ఆ పాట పక్కనే ఎర్ర సిరాతో "భానుమతి లాగా" అని రాసి ఉంది. ఎందుకలా రాశారో నాకు అర్థం కాలేదు. నాకు తెలిసిందల్లా ఆవిడ పాకిస్తాన్ గాయని అనే. అమ్మని అడుగుదామంటే ఇప్పుడు నాన్న మాట ఎత్తితే చాలు ఏడుస్తోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజు సాయంత్రం ఇంట్లో ఆయనకిష్టమైన పాటలు పెడదామని నా ఆలోచన.

పాతపాటల_ప్రసాద్

వేణు గారూ, ఆ నోట్‌బుక్ జాగ్రత్తగా దాచుకోండి. వీలైతే పేజీలన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసిపెట్టుకోండి, పాత సిరా ఒక్క చెమ్మకి పోతుంది.

పాకిస్తాన్ గాయని అన్నది సగమే నిజం. ఆవిడ పుట్టింది 1926 సెప్టెంబర్ 21న, లాహోర్ దగ్గర కసూర్ అనే ఊళ్ళో. అప్పటికి పాకిస్తానే లేదు. ఇంట్లో పెట్టిన పేరు అల్లా వసాయి. పాటే బతుకుతెరువుగా ఉన్న కుటుంబం, అక్కలతో కలిసి చిన్నప్పుడే స్టేజీ ఎక్కింది. కలకత్తా వెళ్ళాక బేబీ నూర్జహాన్ అనే పేరు వచ్చింది, చిన్నపిల్ల వేషాలు వేస్తూ పాడేది. తిరిగి లాహోర్ వచ్చాక 1939లో పంచోలీ వాళ్ళ పంజాబీ సినిమా గుల్ బకావలి, సంగీతం మాస్టర్ గులాం హైదర్. మన గులేబకావళి కథే. పదమూడేళ్ళు కూడా సరిగ్గా నిండని పిల్ల పాడిన పాట పంజాబ్ మొత్తం మోగిపోయింది.

1942లో అదే పంచోలీ సంస్థ ఖాన్‌దాన్ తీసింది. హీరోయిన్‌గా ఆవిడకి పెద్ద పేరు తెచ్చిన సినిమా అదే. హీరో ఎవరనుకున్నారు, ప్రాణ్! మన వాళ్ళకి కొదమ సింహంలో చిరంజీవి పక్కన ముసలాయనగా తెలిసిన ప్రాణే. ఆ పిల్ల మరీ చిన్నది, ఎత్తు సరిపోక క్లోజప్పుల్లో ఇటుకల మీద నిలబెట్టారని ప్రాణ్ చెప్పేవారట. ఆ సినిమా దర్శకుడు షౌకత్ హుస్సేన్ రిజ్వీ తర్వాత ఆవిడ భర్త అయ్యారు, ఇద్దరూ బొంబాయి వెళ్ళిపోయారు.

బొంబాయిలో ఆవిడ ఉన్నది నాలుగైదేళ్ళే. ఆ నాలుగైదేళ్ళలో పాడినవాటినే మీ నాన్నగారు ఇన్నేళ్ళూ రాసుకున్నారు. 1945లో జీనత్, అందులో జోహ్రాబాయి అంబాలేవాలీ, కల్యాణిలతో కలిసి ఖవ్వాలీ పాడింది. అంతవరకు ఖవ్వాలీ అంటే మగవాళ్ళదే, సినిమాలో ఆడవాళ్ళు కూర్చుని చప్పట్లు కొడుతూ ఖవ్వాలీ పాడటం అదే మొదలు అంటారు. 1946లో అన్‌మోల్ ఘడీ, మెహబూబ్ ఖాన్ సినిమా, నౌషాద్ సంగీతం, సురేంద్ర, సురయ్యా కూడా ఉన్నారు. మీ ఆవాజ్ దే అందులోదే. 1947లో జుగ్ను, దిలీప్ కుమార్‌కి మొదటి పెద్ద హిట్టు, అందులో కుర్ర మహమ్మద్ రఫీతో ఆవిడ డ్యూయెట్ ఉంది.

అదే ఏడాది దేశం రెండు ముక్కలైంది, ఆవిడ లాహోర్ వైపు వెళ్ళిపోయింది.

శారద_ఒంగోలు

"భానుమతి లాగా" అని చదవగానే నా ఒళ్ళు పులకరించిందండీ. మీ నాన్నగారు ఎంత సరిగ్గా పట్టుకున్నారో.

నేను స్కూల్లో పనిచేసి రిటైరయ్యాను, భానుమతి గారిది మా ఒంగోలు దగ్గరి దొడ్డవరం కాబట్టి చిన్నప్పటి నుంచి ఆవిడంటే మాకు ఇంటి మనిషి. ఈ ఇద్దరి జీవితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. భానుమతి గారు పుట్టింది 1925 సెప్టెంబర్, నూర్జహాన్ 1926 సెప్టెంబర్. భానుమతి గారి మొదటి సినిమా వరవిక్రయం 1939లో వచ్చింది, నూర్జహాన్ గుల్ బకావలీ 1939లోనే. ఇద్దరూ తమ పాట తామే పాడుకునే నటీమణులు. భానుమతి గారు భర్త రామకృష్ణ గారితో కలిసి మద్రాసులో కొడుకు పేరు మీద భరణి స్టూడియో నడిపారు. నూర్జహాన్ భర్తతో కలిసి లాహోర్‌లో స్టూడియో పెట్టింది, దాని పేరు షానూర్, షౌకత్‌లోని షా, నూర్జహాన్‌లోని నూర్.

అంతకంటే ముఖ్యం, ఇద్దరూ మెగాఫోన్ పట్టుకున్నారు. నూర్జహాన్ 1951లో చన్ వే అనే పంజాబీ సినిమాకి దర్శకత్వం చేసింది, పాకిస్తాన్‌లో మొదటి మహిళా దర్శకురాలు ఆవిడే. భానుమతి గారు 1953లో చండీరాణి తీశారు, తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. ముప్పై ఏళ్ళు కూడా నిండని ఆడవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, హీరోయిన్లు, పాడుతూ, నటిస్తూ, మగవాళ్ళతో నిండిన సెట్టులో "కట్" చెప్పారంటే ఆ రోజుల్లో మాటలా!

ఇంకోటి చెప్తాను. నూర్జహాన్ పోయింది 2000 డిసెంబర్ 23న. మన భానుమతి గారు 2005 డిసెంబర్ 24న. రాస్తుంటేనే నాకు ఎలాగో ఉంది.

సూటిగా_శ్రీను

అక్కా, పోలిక బాగుంది కానీ ఒకటి మర్చిపోతున్నారు. భానుమతి ఇక్కడే ఉన్నారు. నూర్జహాన్ మన పరిశ్రమలో పేరూ డబ్బూ సంపాదించుకుని వెళ్ళిపోయింది. పైగా 1965 యుద్ధంలో మనకి వ్యతిరేకంగా వాళ్ళ సైన్యానికి పాటలు పాడింది. మా పెదనాన్న ఆ యుద్ధంలో ఉన్నాడు. వేణు గారిని నొప్పించాలని కాదు, వాళ్ళ నాన్నగారి అభిరుచి మీద నాకు గౌరవమే, కానీ ఈ సంగతి కూడా ఈ చర్చలో ఉండాలి కదా.

బషీర్‌బాగ్_రమేష్

శ్రీను తమ్ముడూ, ఉండాలి, తప్పకుండా ఉండాలి. కానీ వెళ్ళిపోయింది అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఆవిడ ఊరు కసూర్. ఇప్పటికీ అది సరిహద్దుకి పక్కనే ఉంది. సూఫీ కవి బుల్లే షా దర్గా ఉన్న ఊరు. మనం కూరల్లో నలిపి వేసే కసూరి మేతీకి ఆ పేరు ఆ ఊరి వల్లే వచ్చింది. గీత గీసినవాళ్ళు ఆ ఊరిని అవతల పెట్టారు. తను ఇంటికి వెళ్ళింది. బొంబాయిలో ఉండిపోయి ఉంటే మనం ఏమనేవాళ్ళమో, లాహోర్ వాళ్ళు అప్పుడు అది అనేవాళ్ళు.

ఆ ఊరి నుంచే ఇటు వచ్చిన మనిషి కూడా ఉన్నాడు. హిందుస్తానీ గాయకుడు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్‌దీ కసూరే. విభజన తర్వాత కొన్నాళ్ళు అక్కడుండి ఇమడలేక మళ్ళీ ఇండియా వచ్చేశారు, మన పౌరసత్వం తీసుకున్నారు. ఆఖరి రోజులు ఎక్కడ గడిపారో తెలుసా, మా హైదరాబాద్‌లో, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. 1968లో ఇక్కడే కన్నుమూశారు, పాతబస్తీ దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి ఉంది. నేను వెళ్ళి చూశాను. ఒకే ఊళ్ళో పుట్టిన రెండు గొంతులు, ఒకటి ఇటొచ్చి మన మట్టిలో కలిసింది, ఒకటి అటు వెళ్ళింది. ఇద్దరిలో ఎవరిది తప్పంటాం?

షార్జా_సుజాత

నేను ఇక్కడ షార్జాలో పదహారేళ్ళుగా ఉంటున్నా, అకౌంట్స్ పని. మా ఆఫీసులో లాహోర్, సియాల్‌కోట్ వాళ్ళు చాలామంది. వాళ్ళు ఆవిడని నూర్జహాన్ అనరు. "మేడమ్" అంటారు, అంతే. మేడమ్ పాట అంటే ఇంకెవరిదీ కాదు. అక్కడి పత్రికల వాళ్ళు మలికా-ఎ-తరన్నుమ్ అని బిరుదు రాసేవాళ్ళు, పాటకి మహారాణి అని. మామూలు జనానికి మాత్రం ఆవిడ మేడమే.

శ్రీను గారు చెప్పిన 1965 పాటల సంగతి. మా డ్రైవర్ ఖాన్ చాచా వాళ్ళ నాన్న కూడా ఆ యుద్ధంలో ఉన్నాడట, అటువైపు. రోజూ కారెక్కితే ఏదో ఒక పాట ఉంటుంది. ఒకరోజు పంజాబీ పాట వస్తుంటే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అర్థమేంటని అడిగాను. ఇలాంటి కొడుకులు అంగట్లో దొరకరమ్మా, కొందామని బజారంతా తిరక్కు అని తల్లికి చెప్పే పాట అన్నాడు. రాసింది సూఫీ తబస్సుమ్ అనే కవి. యుద్ధం జరిగిన ఆ పదిహేడు రోజుల్లో ఆవిడ లాహోర్ రేడియో స్టేషన్‌కి వెళ్ళి కూర్చునేదట, అప్పటికప్పుడు రాయడం, బాణీ కట్టడం, పాడటం.

నాకు ఏం చెప్పాలో తెలియలేదు ఆ రోజు. ఆ పాటలో మనల్ని తిట్టింది ఏమీ లేదు, పోయిన పిల్లాడి గురించి ఉంది. మీ పెదనాన్న గారి తల్లి విన్నా ఏడ్చేదేమో శ్రీను గారూ.

సూటిగా_శ్రీను

నిజమే అయ్యుండొచ్చు అక్కా. మా నాయనమ్మ రెండేళ్ళు పెదనాన్న ఉత్తరం కోసం పోస్ట్‌మాన్ దారి కాసింది. ఆయన తిరిగొచ్చాడు. ఆ పాట నేను వినను కానీ మీరు చెప్పింది అర్థమైంది.

మోడరేటర్_గోదావరి

యుద్ధం గురించి ఇక్కడితో ఆపుదాం. అందరూ మర్యాదగా మాట్లాడినందుకు థాంక్స్. వేణు గారు అడిగింది పాటల గురించి, అది కొనసాగించండి.

క్యాసెట్_కిరణ్

ఆవిడ పెళ్ళిళ్ళు, విడాకులు, గొడవల గురించి కూడా చాలా ఉన్నాయి కదా, ఒక్కరూ రాయట్లేదే? యూట్యూబ్‌లో ఆవిడ పేరు కొడితే అవే ముందు వస్తున్నాయి.

శారద_ఒంగోలు

కిరణ్ బాబూ, ఉన్నాయి. రెండు పెళ్ళిళ్ళు, రెండూ నిలవలేదు, ఆరుగురు పిల్లల్ని పెంచింది. అంతకంటే ఎక్కువ మనకెందుకు? మగ గాయకుడి గురించి చర్చ మొదలుపెడితే మనం మొదట అడిగేది ఆయన పాటలే కదా. ఈవిడకీ అదే చేద్దాం.

నాకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది వేరే. భానుమతి గారు చివరిదాకా తెర మీదే ఉన్నారు, అత్తగారి వేషాలు వేసినా సరే తన పాట తనే పాడుకున్నారు. నూర్జహాన్ అలా కాదు, మధ్యలో నటన మానేసిందని విన్నాను. ఎందుకు?

పాతపాటల_ప్రసాద్

శారద గారూ, మంచి ప్రశ్న, అసలు ఆవిడ జీవితంలో నాకు గొప్పగా అనిపించేది అదే.

లాహోర్ వెళ్ళేసరికి అక్కడి సినిమా పరిశ్రమ బూడిదలో ఉంది. యజమానులు, సాంకేతిక నిపుణులు చాలామంది ఇటు వచ్చేశారు, స్టూడియోలు తగలబడ్డాయి. ముల్తాన్ రోడ్డులో ఒక పాడుపడ్డ స్టూడియో వీళ్ళకి ఇస్తే బాగుచేసుకుని షానూర్ అని నడిపారు. అందుకే చన్ వే రావడానికి 1951 అయింది. 1952లో దుపట్టా వచ్చింది, ఫిరోజ్ నిజామీ సంగీతం, అందులో చాందినీ రాతే పాట మన దేశంలోనూ విపరీతంగా ఆడింది. మీ నాన్నగారి పుస్తకంలో ఉందేమో చూడండి వేణు గారూ. తర్వాత ఇంతెజార్, అనార్కలి, కోయల్. ఇంతెజార్, కోయల్ రెండిటికీ ఖ్వాజా ఖుర్షీద్ అన్వర్ సంగీతం. కోయల్ పాటలు ఒక రాత్రి ఫోన్ పక్కన పెట్టి వినండి, మళ్ళీ మామూలు పాటలు వినడానికి రెండు రోజులు పడుతుంది.

1959లో నటుడు ఏజాజ్‌ని రెండో పెళ్ళి చేసుకుంది, 1961లో గాలిబ్ సినిమాతో హీరోయిన్ వేషాలు ఆగిపోయాయి. అప్పటికి ఆవిడకి ముప్పై ఐదేళ్ళు. అంతవరకూ తన మొహానికి తప్ప ఇంకెవరి మొహానికీ ఆ గొంతు పెద్దగా తెలియదు. ఇరవై ఏళ్ళు మహారాణిలా ఉన్న మనిషి, ఇప్పుడు తనకంటే పదిహేనేళ్ళు చిన్న హీరోయిన్ల కోసం మైకు ముందు నిలబడాలి. మన దగ్గర తమ పాట తామే పాడుకున్న ఎంతమంది నటీమణులు అలా మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కారు? చాలామంది అక్కడితో ఆగిపోయారు. సురయ్యా ఇక్కడే ఉండి కూడా 1960ల్లో మొత్తం మానేసింది. ఈవిడ ఆగలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా పాకిస్తాన్ సినిమాలో తెర మీద ఎవరున్నా వెనక గొంతు ఎక్కువగా ఆవిడదే.

1970లో హీర్ రాంఝా వచ్చింది, మళ్ళీ ఖుర్షీద్ అన్వర్. హీరో ఏజాజ్, హీరోయిన్ ఫిర్దౌస్. హీర్ గొంతు నూర్జహాన్‌ది. అందులో "సుణ్ వంజలీ దీ" అనే పాట ఉంది. వంజలి అంటే మన వేణువే, మీ పేరే.

క్యాసెట్_కిరణ్

ప్రసాద్ గారూ నేను మీలాగా పెద్దగా తెలిసినవాణ్ణి కాదు కానీ ఆ తర్వాతి పంజాబీ సినిమా పాటలు కొన్ని విన్నా, 80ల్లోవి. డప్పులు, అరుపులు, గొంతు చించుకోవడం. అన్‌మోల్ ఘడీలో పాడిన మనిషేనా అనిపించింది. డబ్బు కోసం దిగజారిపోయిందని అనుకోవచ్చా?

షార్జా_సుజాత

అలా అనకు తమ్ముడూ. ఆ రోజుల్లో అక్కడ ఆడిన సినిమాలు అవి, గండ్రగొడ్డళ్ళు పట్టుకుని తిరిగే హీరోల సినిమాలు. పాట అడిగితే పాడింది. ఆరుగురు పిల్లల్ని పెంచుతున్న ఆడమనిషి పని మానుకుని కూర్చోవాలా?

పైగా మా లాహోర్ వాళ్ళకి ఆ పాటలంటేనే ప్రాణం. ఉర్దూ గజల్ ఆవిడ చదువుకున్నవాళ్ళ కోసం పాడింది, పంజాబీ పాట లారీ తోలేవాడి కోసం, పొలంలో నాట్లేసేవాళ్ళ కోసం పాడింది అంటారు వాళ్ళు. యాభై ఏళ్ళు దాటిన మనిషి గొంతు ఆ శృతిలో అంత బలంగా నిలబడటం చూడు ఒకసారి.

పాతపాటల_ప్రసాద్

సుజాత గారితో సగం ఏకీభవిస్తా. ఆ పాటల్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, బాణీలే పలచన. కానీ గొంతు పలచన కాలేదు. 1940ల్లో సన్నగా, అంచు దగ్గర మెరుస్తూ ఉండేది. 50ల చివరికి బరువెక్కింది. 70ల్లో మందమైంది. ఒకే మనిషి నాలుగు వయసులూ రికార్డుల మీద వరుసగా వినే అదృష్టం మనకి ఎంతమంది గాయనుల దగ్గర దొరుకుతుంది?

గొంతు గురించే ఇంకో ముచ్చట. మంటో తెలుసు కదా, కథలు రాసిన సాదత్ హసన్ మంటో, బొంబాయి సినిమా ఆఫీసుల్లో పనిచేశాడు, ఆవిడని దగ్గర నుంచి చూశాడు. ఆవిడ పాడే ముందు నూనె ఓడుతున్న ఊరగాయ తిని, పైన ఐసు నీళ్ళు తాగి మైకు దగ్గరికి వెళ్ళేదని రాశాడు. మన దగ్గర పాడేవాళ్ళు పెరుగే ముట్టుకోరు, మా అమ్మాయి సంగీతం టీచర్ ఆవకాయ మాట వింటేనే చెవులు మూసుకుంటుంది.

బషీర్‌బాగ్_రమేష్

ఒక పాట గురించి నేను రాయకపోతే నాకు నిద్ర పట్టదు. 1962లో ఖైదీ అనే సినిమా, రషీద్ అత్రే సంగీతం, ఫైజ్ అహ్మద్ ఫైజ్ రాసిన కవిత. మా తాతకి ఉర్దూ మీడియం చదువు, ఉస్మానియా మనిషి, ఆయన నాకు పదం పదం చెప్పాడు. మొదటి ప్రేమలాంటి ప్రేమ ఇక నన్ను అడగొద్దు అని ప్రియురాలితో అంటాడు కవి. లోకంలో ప్రేమ తప్ప వేరే బాధలు కూడా ఉన్నాయి, ఆకలి ఉంది, బజారులో అమ్ముడుపోతున్న మనుషులున్నారు, నా చూపు అటు పోతోంది, ఏం చేయను అంటాడు. మగవాడు చెప్పే మాట. దాన్ని ఆడగొంతులో విన్నప్పుడు మొత్తం తిరగబడుతుంది. వదిలి వెళ్తున్నవాడి మాట వదిలేయబడిన మనిషి నోట్లోంచి వస్తున్నట్టుంటుంది.

ఈ కవిత ఇక నాది కాదు, నూర్జహాన్‌ది అని ఫైజ్ అనేవాడట, ముషాయిరాల్లో, అంటే ఉర్దూ కవి సమ్మేళనాల్లో, అడిగినా చదవడానికి ఇష్టపడేవాడు కాదంటారు. మా తాత ఈ ముచ్చట చెప్పి, "కవికి అంతకంటే మర్యాద ఏముంటుంది బిడ్డా, వాడి మాట వాడికంటే బాగా ఇంకొకరికి అతుక్కుంది" అనేవాడు.

శారద_ఒంగోలు

రమేష్ గారూ, ఇప్పుడే విన్నాను. రెండుసార్లు. ఉర్దూ ఒక్క ముక్క రాదు నాకు. మీరు చెప్పిన అర్థం పట్టుకుని విన్నాను, చివర్లో గొంతు కిందికి దించుతుంది చూడండి, అక్కడ నాకు ఏడుపొచ్చింది.

లతా మంగేష్కర్‌కీ ఈవిడకీ పోటీ అని ఎక్కడో చదివాను, నిజమా?

పాతపాటల_ప్రసాద్

పోటీకి తావే లేదు శారద గారూ, 1947 తర్వాత ఇద్దరూ ఒకే బజారులో లేరు. నిజానికి లత ఆవిడ నీడలోంచి వచ్చింది. 1945లో బడీ మా అనే సినిమాలో నూర్జహాన్ హీరోయిన్, లత చిన్న వేషం వేసింది, పదహారేళ్ళ లోపు పిల్ల. కొల్హాపూర్‌లో నూర్జహాన్ ముందు పాడి వినిపిస్తే బాగా సాధన చెయ్యి, పైకొస్తావు అందట. మొదట్లో లత పాటల్లో నూర్జహాన్ ఒరవడి స్పష్టంగా వినిపిస్తుంది. 1948లో మజ్‌బూర్‌లో లతకి దారి తీసిందీ గులాం హైదరే, గుల్ బకావలీ పాటలు కట్టిన ఆ మాస్టరే.

సరిహద్దు కలయిక సంగతి వినే ఉంటారు. 50ల మొదట్లో సి. రామచంద్ర, లత అమృత్‌సర్ వెళ్తే నూర్జహాన్‌తో ఫోన్ మీద మాట్లాడుకుని సరిహద్దు దగ్గర కలిశారని, మధ్యలో ఉండే ఎవరిదీ కాని స్థలంలో ఇద్దరాడవాళ్ళూ పరుగెత్తుకొచ్చి కావలించుకుని ఏడ్చారని రామచంద్రే చెప్పుకున్నారు. ఈ సి. రామచంద్ర మనకి పరాయి మనిషి కాదు, ఎన్టీఆర్ అక్బర్ సలీం అనార్కలికి సంగీతం ఇచ్చింది ఆయనే.

షార్జా_సుజాత

1982 వీడియో చూశారా ఎవరైనా? వేణు గారూ మీరు తప్పకుండా చూడాలి. ముప్పై ఐదేళ్ళ తర్వాత ఆవిడ బొంబాయి వచ్చింది. పాతవాళ్ళందరూ ఉన్నారు, దిలీప్ కుమార్, నౌషాద్, లత. ఆవిడ చీర కట్టుకుని, నగలు పెట్టుకుని, పెళ్ళింటి పెద్దావిడలా ఉంటుంది. ఆవాజ్ దే మొదలుపెడుతుంది. పిలువు, ఎక్కడున్నావు అని అర్థం. ఇరవై ఏళ్ళ పిల్లగా పాడిన పాట యాభై ఐదేళ్ళ గొంతులో. పాత రికార్డులో ఆ పిలుపు దూరంగా ఉన్న ప్రియుడికి. ఇక్కడ ఆ హాల్లో కూర్చున్నవాళ్ళకి. ఖాన్ చాచాకి చూపిస్తే, ఇది మీ ఊళ్ళోనా అని మూడుసార్లు అడిగాడు.

తర్వాత గుండె జబ్బు. చివరికి కరాచీలో కన్నుమూసింది, రంజాన్ ఇరవై ఏడో రాత్రి. అంతకంటే పవిత్రమైన రాత్రి లేదంటారు వీళ్ళు, అందుకే తెల్లారేదాకా ఆగకుండా అదే రాత్రి అక్కడే గిజ్రీ శ్మశానంలో ఖననం చేశారు. లాహోర్ వాళ్ళకి ఇప్పటికీ ఆ బాధ పోలేదు. మా మేడమ్‌ని ఆఖరిసారి చూసుకోనివ్వలేదు అంటారు.

వేణు_కాజీపేట

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మీరు రాసినవన్నీ పెట్టుకుని నోట్‌బుక్ మళ్ళీ మొదటి నుంచి తిరగేశాను. ప్రసాద్ గారూ, చాందినీ రాతే ఉంది, ఆరుసార్లు. నాన్న "చాందిని రాత్తే" అని రాసుకున్నారు. సుజాత గారూ, ఆఖరి పేజీల్లో ఒకచోట పాట లేదు, తారీఖు మాత్రం ఉంది, 24-12-2000 ఆదివారం, కింద "నూర్జహాన్ పోయిందట" అని. నల్ల సిరా. ఆ రోజు ఇంకేమీ రాయలేదు.

నిన్న సంవత్సరీకం అయింది. సాయంత్రం చుట్టాలు వెళ్ళాక ప్రసాద్ గారు చెప్పిన వరుసలో పెట్టాను. ముందు ఖాన్‌దాన్, తర్వాత జీనత్ ఖవ్వాలీ, అన్‌మోల్ ఘడీ, చాందినీ రాతే. అమ్మ వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. ఏడుస్తుందేమోనని భయపడ్డా. ఆవాజ్ దే మొదలవగానే చేతులు ఆపేసి, మీ నాన్న ఈ పాటకి గడ్డం గీసుకోవడం ఆపేసేవాడు, బావి గట్టు మీద అద్దం పెట్టుకుని మొహమంతా సబ్బు నురగతో అలాగే నిలబడేవాడు, పాట అయ్యేసరికి నురగ ఎండిపోయేది, మళ్ళీ రాసుకునేవాడు, షెడ్డుకి రోజూ ఆలస్యమే అంది. నవ్వుతూనే చెప్పింది.

అప్పుడు నోట్‌బుక్ తెచ్చి ఎర్ర సిరా ఉన్న పేజీ చూపించి, నాన్న భానుమతి లాగా అని ఎందుకు రాశాడమ్మా అని అడిగా, మీరందరూ చెప్పినవి, స్టూడియో సంగతి, డైరెక్షన్ సంగతి కూడా చెప్పా. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ చాలాసేపు చూసింది.

"అది మీ నాన్న మాట కాదురా. పెళ్ళయిన కొత్తలో ఈ పాట వస్తుంటే నేనన్నాను, ఎవరండీ ఈవిడ, మన భానుమతి లాగా దర్జాగా పాడుతోంది అని. నాకు తెలియదు ఆయన రాసుకున్నాడని" అంది.